ఎనిమిది అడిగితే రెండు

మా ఆఫీసులో నన్ను ఎవరికైనా పరిచయం చెయ్యాల్సి వస్తే "ఈయన హెల్పర్ ఫంక్షన్లు రాస్తారు" అని చెప్పేవారు. హెల్పర్ అన్న మాట దగ్గర గొంతు కాస్త తగ్గేది. ఇంట్లో పనిమనిషి గురించి చుట్టాలకి చెప్పేటప్పుడు తగ్గుతుందే, అలాగ. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు. వాళ్ళు మూతి తిప్పితే నేను మనసులో వాళ్ళ చదువుకి దణ్ణం పెట్టేసేవాణ్ణి. పద్దెనిమిదేళ్ళు అలా పెట్టాను. ఇప్పటికీ ఆ చదువుల మీద నాకు పెద్ద గౌరవం ఏమీ పుట్టలేదు.

ఆఫీసంటే ఏదో అనుకోకండి. ఖరగ్‌పూర్‌లో మలంచా రోడ్డు మీద, ఒక మిఠాయి కొట్టు పైన, అద్దెకి తీసుకున్న మూడు గదులు. రోడ్ల మీద పనిచేసి బతికేవాళ్ళ ఒంటినొప్పుల గురించి పరిశోధన చేసే చిన్న కేంద్రం. డిగ్రీ ఇచ్చేది ఎక్కడో వేరే ఊరి యూనివర్సిటీ. ఇక్కడ కూర్చుని థీసిస్సులు రాసుకునేవాళ్ళు నలుగురు. వాళ్ళ మీద ఒక బెంగాలీ డైరెక్టరు. అందరి కిందా నేను, ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగించుకునే మనిషిని. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చాడు. నాన్న నిమ్‌పురా యార్డులో పాయింట్స్‌మన్. నేను స్టాటిస్టిక్స్‌లో బి.ఎస్సీ. చదివి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మా నాన్న ఒక్క లివరు తప్పు లాగితే రెండు బళ్ళు గుద్దుకునేవి కాబట్టి ఆయన్ని అందరూ భయంతోనైనా గౌరవించారు. నా పనికి ఆ భాగ్యం లేదనుకునేవాణ్ణి.

ఆ పనేమిటో చెప్తాను, కష్టమేం కాదు. ఒక మనిషి గురించి మేం ఇరవై సంగతులు అడుగుతాం. వయసు, బరువు, రోజుకి ఎన్ని గంటలు బండి మీద ఉంటాడు, సీటు ఎత్తెంత, బ్యాటరీ ఎక్కడుంది, ఇలాంటివి. ఈ ఇరవయ్యీ కలిసి అతని నడుం నొప్పిని ఎలా పెంచుతున్నాయో తేల్చాలి. ఇరవై కాలమ్స్‌ని ఒకేసారి చూసే కన్ను ఎవరికీ లేదు. అందుకని వాటిని తగిన పాళ్ళలో కలిపి ఒకటో రెండో కొత్త కాలమ్స్‌గా కుదిస్తారు. అలాంటి ఒక్కో కలయికనీ దిశ అంటారు. రెండు దిశలుంటే కాగితం మీద బొమ్మ గీసుకోవచ్చు. బొమ్మ గీస్తే పేపరు వస్తుంది. పేపరు వస్తే డిగ్రీ వస్తుంది. మా మూడు గదుల తత్వమంతా ఇంతే.

ఈ కుదింపు చేసే పెద్ద ఫంక్షన్‌ని సాఫ్ట్‌వేర్‌లో ఎవరో మహానుభావులు రాసిపెట్టారు. దానికి పేరుంది, థీసిస్సుల్లో ఆ పేరుకి నమస్కారాలున్నాయి. దాని కింద చాకిరీ చేసే చిన్న ఫంక్షన్లు నావి. ఖాళీ వరసలు ఏరి పారేసేది ఒకటి. సగటు తీసేసేది ఒకటి. నొప్పి అంకెల్ని తక్కువ నుంచి ఎక్కువకి పేర్చి, సమానంగా ముక్కలు కోసేది ఒకటి. ఆ ముక్కల్లో ఒక్కోదానికి ఇరవై కాలమ్స్ సగటు కట్టి, నొప్పి పెరుగుతున్నకొద్దీ ఆ సగటులు ఎటు జరుగుతున్నాయో పెద్ద ఫంక్షన్ చూసుకుంటుంది. జరిగిన వైపే దిశ. చివరికి దొరికిన దిశలన్నిటినీ ఒకే పొడుగుకి తెచ్చి అందంగా అచ్చువేసేది ఇంకొకటి.

ఇందులో ఒక నియమం ఉంది. ఎనిమిది ముక్కలు కోస్తే మహా అయితే ఏడు దిశలు తెలుస్తాయి. రెండే ముక్కలైతే ఒక్క దిశే. రెండు స్టేషన్లుంటే వాటి మధ్య తిన్నగా వేసే లైను ఒకటే కదా, అంతే సంగతి. ఇది మా నలుగురు పరిశోధకులకీ పుస్తకంలో ఉన్న సంగతిగా తెలుసు. అందరి కంటే పైన డైరెక్టరు స్యార్‌కి మరీ బాగా తెలుసు. తెలిసినదాన్ని తెరిచి చూసే అలవాటు మాత్రం ఒక్కడికీ లేదు.

ఆ నలుగురిలో ఒకమ్మాయి తెలుగమ్మాయి. కరీంనగర్ దగ్గరిది. వచ్చిన మొదటి రోజు నేను "ఏటమ్మా, ఏ ఊరు?" అంటే కిసుక్కున నవ్వింది. తెలుగువాళ్ళు ఇక్కడ నాలుగు తరాలుగా బతుకుతున్నారని దానికి ఎవరూ చెప్పలేదు. నా భాష ఏదో రైలు పెట్టెలో నలిగిపోయిన తెలుగు అనుకుంది. ఆ రోజే నన్ను అంకుల్ అంది. మిగతావాళ్ళకి దాదా, స్యార్, నాకు అంకుల్. నేను అదీ మనసులో పెట్టుకున్నాను. చిన్న చిన్నవి మనసులో పెట్టుకోవడంలో నాకు మంచి ఓపికుంది.

దాని థీసిస్సు టోటోవాళ్ళ నడుం నొప్పి మీద. మా ఊళ్ళో ఆటోల కంటే టోటోలు ఎక్కువైపోయాయి. బ్యాటరీ మీద నడిచే ఆ మూడు చక్రాల బళ్ళకి స్ప్రింగులు పేరుకే. ఆ అమ్మాయి స్టేషను దగ్గరా, గోల్‌బజార్‌లోనూ, మలంచాలోనూ అట్ట పట్టుకుని నిలబడి, ఒక్కొక్కణ్ణీ ఇరవై ప్రశ్నలు అడిగి, చివర్లో "నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత?" అని హిందీలో అడిగేది. చలికాలం అంతా తిరిగింది. చెప్పులు అరిగిపోతే ఫుట్‌పాత్ మీద కొత్తవి కొనుక్కుని మళ్ళీ తిరిగింది. నేను మేడ మీద కిటికీలోంచి చూసి నవ్వుకునేవాణ్ణి. మా ఊరి టోటోవాణ్ణి పదికి ఎంత అని అడిగితే ఏం చెప్తాడో నాకు తెలుసు. ఐదంటాడు. అడిగినవాళ్ళు పోవాలని చెప్పే అంకె అది. ఈ ముక్క దానికి చెప్పొచ్చు. నన్నెవరూ అడగలేదు. నేను హెల్పర్‌ని, అడగందే చెప్పకూడదు. అలా అనుకుని కిటికీ మూసేసేవాణ్ణి.

దానికి అదే ఆఖరి ఏడాది. గడువు రెండుసార్లు పొడిగించారు, ఇంక పొడిగించరు. వాళ్ళ ఊరి దగ్గర ఒక కాలేజీలో లెక్చరర్ పోస్టు దీనికోసం ఆపి ఉంచారు. మే నెలాఖరులోగా డిగ్రీ చేతికొస్తే పోస్టు దీనిది, రాకపోతే వెనక నిలబడ్డవాళ్ళలో ఎవరిదో. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. ఫోనులో తల్లితో అది రోజూ ఈ ఒక్క మాటే మాట్లాడేది కనక తెలియక చావదు.

ఒకరోజు నా బల్ల దగ్గరికొచ్చింది.

"అంకుల్, ప్రోగ్రాం నడిపితే కింద గీ ఎర్ర అక్షరాలు వస్తున్నయ్. రాకుంట చేస్తరా? స్యార్ చూస్తే గుస్సా అయితడు."

ఎర్ర అక్షరాలంటే సాఫ్ట్‌వేర్ ఇచ్చే హెచ్చరికలు. పని ఆగదు, ఫలితం వస్తుంది, కింద ఎర్రగా ఏదో గొణుగుతుంది. మా డైరెక్టరుకి స్క్రీను మీద ఎరుపు కనిపిస్తే బీపీ. ఆయనకి ఫలితం తప్పైనా ఫరవాలేదు, ఎరుపు మాత్రం ఉండకూడదు. రోజూ అలాంటివి నలభై చూస్తాను. అందులో ముప్పైతొమ్మిది ఉత్త గోల. ఆ పాకేజీ పాతదనీ, ఈ పేరు మార్చుకోమనీ. నలభయ్యోదాని కోసమే అవన్నీ చదవాలి. అందుకే నాకు జీతం.

నేను చదవలేదు. దాని ఎర్ర అక్షరాలు చదవడం కూడా నా పనేనా అనుకున్నాను. సాఫ్ట్‌వేర్ మొదలవగానే చదువుకునే చిన్న ఫైలొకటి ఉంటుంది. దాని లాప్‌టాప్‌లోనూ, నా కంప్యూటర్లోనూ ఆ ఫైల్లో ఒక్క లైను రాశాను. ఇకమీదట ఏ హెచ్చరికా చూపించవద్దని. నిమిషం కూడా పట్టలేదు.

"అయిపోనాది, ఇంక ఎల్లిరామ్మా" అన్నాను.

"మస్తు థ్యాంక్స్ అంకుల్" అంది. నేను తలెత్తలేదు.

ఆ తర్వాత రెండు నెలలు ఆఫీసులో పండగ. రెండు దిశలు దొరికాయి. మొదటి దిశలో అన్నిటికంటే ఎక్కువ బరువు బండికి నంబర్ ప్లేటు ఉందా లేదా అన్న కాలమ్‌కి వచ్చింది. ప్లేటు ఉన్నవాడికే నొప్పి ఎక్కువట. డైరెక్టరు స్యార్ దీనికి ఒక వివరణ కనిపెట్టాడు. రిజిస్టరైన బళ్ళు బరువుగా తయారవుతాయి, కాబట్టి కుదుపు ఎక్కువ. ఆయన జన్మలో టోటో కింద వంగి చూసినవాడు కాదు. రెండో దిశ ఇంకా గొప్పది. అందులో సీటు ఎత్తు, కాలి పొడుగు, హ్యాండిల్ దూరం ఏదో పాళ్ళలో కలిసి వచ్చాయి. దానికి "కూర్చునే తీరు" అని పేరు పెట్టారు. దాని మీద నాలుగో అధ్యాయం రాయించారు. గోడ మీద బొమ్మ అంటించి, వచ్చినవాళ్ళందరికీ కర్రతో చూపించారు. కూర్చునే తీరు గురించి, కుషన్ కుర్చీల్లో కూర్చుని, అంత సేపు మాట్లాడగలిగినవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు.

థీసిస్సు మొదటి పేజీలో ఒక ప్రమాణం ఉంటుంది. ఇందులో ఉన్న పనంతా నా సొంత పని అని అభ్యర్థి సంతకం పెట్టాలి. ఆ పేజీ ప్రింటు తీసింది నేనే. కృతజ్ఞతల పేజీలో తల్లి ఉంది, డైరెక్టరు ఉన్నాడు, మెస్సులో వండే దీదీ కూడా ఉంది. నేను లేను. నా ఫంక్షన్లు పదకొండున్నాయి దాని పనిలో. పళ్ళు నూరుకుని స్టేపుల్ కొట్టి ఇచ్చాను.

ఆఖరి సెమినారు ఒక బుధవారం. దానికి ముందు శుక్రవారం, అమ్మాయి బొమ్మల్లో అక్షరాలు పెద్దవి చెయ్యమని అడిగింది. నా పాత కంప్యూటర్ స్క్రీను మినుకుమినుకుమంటోందని ఆ వారమే కొత్తది ఇచ్చారు. అందులో సాఫ్ట్‌వేర్ అంతా కొత్తగా వేశాను. ఆ అమ్మాయి డేటా తెచ్చి ప్రోగ్రాం నడిపాను. బొమ్మలు వచ్చాయి. కింద ఎర్రగా ఒక వాక్యం వచ్చింది. నేను రాసిన నోరుమూసే లైను పాత కంప్యూటర్లో ఉండిపోయింది కదా.

అప్పుడు చదివాను. ముక్కలు కోసే ఫంక్షన్ అంటోంది: ఎనిమిది అడిగారు, అంకెలు కలిసిపోవడం వల్ల రెండే ఇవ్వగలిగాను.

ఆ ఫంక్షన్‌లో ఆ వాక్యం రాసింది నేనే. చాలా ఏళ్ళ కిందట, ఇలాంటి రోజు కోసమే రాశాను.

డేటా తెరిచాను. నొప్పి కాలమ్ పైనుంచి కిందికి చూశాను. సగానికి దగ్గరగా సున్నాలు. మిగిలినవాళ్ళు దాదాపు అందరూ ఐదు. అక్కడక్కడా ఒక మూడు, ఒక ఏడు. ఒకే అంకె చెప్పినవాళ్ళని రెండు ముక్కల్లోకి విడదియ్యకూడదు, అది న్యాయం. అందుకని సున్నాలన్నీ ఒక ముక్క, ఐదులూ వాటి చుట్టూ ఉన్న పిల్లకాయ అంకెలూ ఇంకో ముక్క. రెండు ముక్కలకి ఒక్క దిశ. మరి రెండో దిశ ఎక్కడిది? దాని బలం ఎంతో చూశాను. దశాంశం తర్వాత పదహారు సున్నాలు. అంటే ఏమీ లేదు. కంప్యూటరు లెక్కల్లో మిగిలిన నలుసు. ఆ నలుసుని నా ఇంకో హెల్పర్ ఫంక్షన్, అదే, దిశలన్నిటినీ ఒకే పొడుగుకి తెచ్చేది, సాగదీసి మొదటిదాని పక్కన సమానంగా నిలబెట్టింది. దానికే వీళ్ళు కూర్చునే తీరు అని పేరు పెట్టి అధ్యాయం రాసుకున్నారు.

నాకు మొదట వచ్చింది నవ్వు. అబద్ధం చెప్పను. గదిలో ఒక్కణ్ణే ఉన్నాను, పైకే నవ్వాను. ఆ తర్వాత నోరుమూసే లైను గుర్తొచ్చి నవ్వు ఆగింది.

ఆదివారం చర్చి అయ్యాక మా చెల్లెలి ఇంటికి భోజనానికి వెళ్ళాను. మా బావ టోటో నడుపుతాడు. చేపల పులుసు వడ్డిస్తుండగా అడిగాను.

"ఆ సదువుకున్న పిల్ల నిన్ను కూడా అడిగినాదేటి బావా, నడుం నొప్పి గురించి?"

"అడిగినాది. సున్నా అన్నాను."

మా చెల్లెలు గరిటె పట్టుకునే ఆగిపోయింది. "సున్నాయేటి? పొద్దున్న మంచం మీంచి నేను లేపితే గాని లేవలేడు, అన్నయ్యా."

"మరేటి సెప్పమంతావు?" అన్నాడు బావ. "నా బండికి నంబర్ లేదు. అట్ట పట్టుకుని ఒచ్చింది, పేరు రాసుకుంది. నడుం పోనాదని రాసుకుంటే, రేపు అన్‌ఫిట్ అని బండి లాగేస్తే? అంత ఝమేలా ఎందుకు మనకి? నంబర్ లేనోళ్ళం అందరం సున్నా అన్నాం. స్టాండులో ముందే అనుకున్నాం."

"మరి నంబర్ ఉన్నోళ్ళు?"

"ఆళ్ళకి బయమేటి? ఐదు అన్నారు. మర్యాదకి. అటూ కాదు ఇటూ కాదు. ఆ అమ్మాయి కూడా ఠీక్ హై అని ఎల్లిపోనాది."

అదీ సంగతి. మొదటి దిశ చూపించింది నొప్పిని కాదు, భయాన్ని. రెండో దిశ చూపించడానికి అసలు ఏమీ లేదు. మధ్యలో మా బావ నడుం ఎవరి లెక్కలోకీ రాలేదు. అతను ముక్క నోట్లో పెట్టుకుని ముల్లు తీస్తున్నాడు, కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చుని. ఎన్నాళ్ళనించి అలా ఒరిగి కూర్చుంటున్నాడో నేనూ ఎప్పుడూ చూడలేదు.

సెమినారుకి ఇంకా మూడు రోజులుంది. సోమవారం ఆ అమ్మాయికి చెప్పి ఉంటే ఏమయ్యేది? నాలుగో అధ్యాయం తీసేసేది. సెమినారు రెండు వారాలు వాయిదా అడిగేది. తెలుగు మాట్లాడే టోటోవాళ్ళే ఊళ్ళో బోలెడుమంది ఉన్నారు, నేను పక్కన నిలబడి మన మాటలో అడిగితే నిజం చెప్పేవారు. పది రోజుల పని. మే నెల దాటకుండా అయిపోయేది. ఇవన్నీ నాకు అప్పుడే, ఆ పులుసు ముందే తట్టాయి. తర్వాత తట్టాయని చెప్పుకోవాలని ఉంటుంది కాని కాదు.

సోమవారం నేను చెప్పలేదు. అది మేడ మెట్ల మీద ఎదురై "అంకుల్, బొమ్మలు సూపర్ వచ్చినయ్" అంది. ఆ అంకుల్ అన్న మాట చెవిన పడగానే నోటిదాకా వచ్చినది వెనక్కి పోయింది. మంగళవారం డైరెక్టరు నా కాంట్రాక్టు కాగితాలు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఈ నెలలోనే సంతకం పెట్టాలి. హెచ్చరికలు ఆపింది ఎవరు అన్న ప్రశ్న వస్తే ఆ సంతకం పడదు. అదొక కారణం. కాని అది పెద్ద కారణం కాదు. పెద్ద కారణం ఇంకోటి. వీళ్ళెవరూ హెల్పర్ ఫంక్షన్ కేసి చూడరు. బయటినుంచి వచ్చే పరీక్షకుడు కూడా బొమ్మ చూసి, టీ తాగి, శాలువా కప్పించుకుని పోతాడు. వీళ్ళ అశ్రద్ధ మీద నాకు అంత నమ్మకం. ఎవరినైతే పద్దెనిమిదేళ్ళు చీదరించుకున్నానో వాళ్ళ బద్ధకాన్నే చాటుగా చేసుకుని కూర్చున్నాను. నాకంటే నీచుణ్ణి ఆ మూడు గదుల్లో వెతికితే దొరకడు. అది నాకు మంగళవారమే తెలుసు. తెలిసి కూడా భోజనం చేశాను, కునుకు తీశాను.

బుధవారం వచ్చిన పరీక్షకురాలు ఒక పెద్దావిడ. మద్రాసు వైపు మనిషి. నూలు చీర, చేతిసంచీ. టీ వద్దంది. అమ్మాయి గంటసేపు చెప్పింది. బాగా చెప్పింది కూడా, ఒప్పుకోవాలి. చలిలో నిలబడ్డ రోజుల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆవిడ మొత్తం విని, ఒక్క ప్రశ్న వేసింది.

"ఎన్ని ముక్కలుగా కోశారు?"

"ఎనిమిది, మేడమ్."

"ఒక్కో ముక్కలో ఎంతమంది ఉన్నారో చూపిస్తారా?"

దానికి నా హెల్పర్ ఫంక్షన్ ఒకటుంది. ఆ ఆఫీసులో దాన్ని పనికి పిలిచినవాడు అంతవరకూ లేడు. అమ్మాయి పేరు గుర్తు తెచ్చుకుని, టైపు చేసి, ఎంటర్ కొట్టింది. తెర మీద రెండు అంకెలు వచ్చాయి. రెండే. అది తెర కేసి చూస్తూ ఉండిపోయింది. ఇంకా ఆరు వస్తాయేమోనని చూసినట్టుంది. రావు కదా. ఆ తర్వాత దాని ముఖంలో అర్థం కావడం కనిపించింది. ఇది చెప్పాలి, దానికి అర్థం కావడానికి నాలుగు క్షణాలు పట్టింది. డైరెక్టరుకి ఆవిడ రెండుసార్లు వివరిస్తే గాని కాలేదు.

ఆయనకి అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. "ఈ కోడ్ ఎవరు రాశారు? హెచ్చరిక రాలేదా? ఎవరు ఆపారు?" అని గది మొత్తం కలియజూశాడు. చూపు నా దాకా వస్తోంది. నేను ఆఖరి వరసలో, ప్రొజెక్టరు వైరు పక్కన.

"నేను ఆపాను, సర్" అంది అమ్మాయి, ఇంగ్లీషులో. "థీసిస్‌లో ఉన్నదంతా నా పనే. ప్రమాణం మీద సంతకం పెట్టాను."

ఆయన చూపు వెనక్కి మళ్ళింది. నేను లేచి నిలబడితే సరిపోయేది. మాట కూడా అక్కర్లేదు, లేచి నిలబడితే చాలు. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నేను ప్రొజెక్టరు వైరు సరిచేస్తున్నట్టు వంగాను.

పరీక్షకురాలు కఠినంగా ఏమీ అనలేదు. డేటా మళ్ళీ సేకరించాలి, మూడు నాలుగు అధ్యాయాలు మళ్ళీ రాయాలి, ఆరు నెలలైనా పడుతుంది, ప్రత్యేకంగా గడువు ఇవ్వమని తాను రాస్తానని చెప్పింది. చేతిసంచీ తీసుకుని, అమ్మాయి భుజం మీద చెయ్యేసి, వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు ఆ గదిలోంచి ఎంత తొందరగా ఖాళీ అయ్యారో చూడాలి. రెండు నెలలు కర్రతో బొమ్మ చూపించిన డైరెక్టరు అందరికంటే ముందు పోయాడు. పోతూ పోతూ గోడమీది బొమ్మ పీకించమని నాకే చెప్పాడు.

ఆరు నెలలంటే నవంబరు. పోస్టు మే నెలాఖరుకి. లెక్క ఎవరైనా చెయ్యగలరు.

నేను బొమ్మ పీకుతుంటే అది చార్జరు వైరు చుట్టుకుంటూ ఉంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తల్లికి ఫోను చెయ్యాలని తీసి, మళ్ళీ సంచీలో పెట్టేసింది.

"ఎందుకమ్మా అలగన్నావు?" అని అడిగాను.

"ఏమన్న?"

"నువ్వే ఆపినావని."

"ఆపమన్నది నేనే గద అంకుల్. చదవాల్సింది నేను. మీరు చదివిన్రు, పనికిరానిదైతేనే ఆపిన్రు అనుకున్న. మీరు రాసినయి ఎప్పుడూ తప్పు పోలే. అందుకే నేను చూడలే." వైరు చుట్టడం అయిపోయింది. "మీ పేరు చెప్తే మీ కాంట్రాక్టు పోతుండె. నాది ఎట్లాగూ పోయింది."

నేను గోడకున్న టేపు ముక్కలు గోటితో గీకుతున్నాను. అవి తొందరగా రావు.

తలుపు దాకా వెళ్ళి ఆగింది. "మీకెప్పుడు తెలిసింది అంకుల్?"

"ఇప్పుడేనమ్మా" అన్నాను. "నీతోపాటే."

అది తలూపింది. "అవును. ముందే తెలిస్తే చెప్పేటోళ్ళు కద" అంది.

"సెప్పేవోణ్ణే" అన్నాను.